మూడో రీలు మారే లోపు

అనంతపురం. టవర్ క్లాక్ అవతల
టీచర్ల సంఘం వాళ్ళ రేకుల షెడ్డు.
గోడకు కట్టిన తెల్ల పంచె మీద
ఇటలీ.

ప్రొజెక్టరు బాడుగ నూటా ఇరవై.
వచ్చింది పదకొండు మంది,
అందులో ఇద్దరు ఫ్యాను గాలి కోసం.

పన్నెండోవాడు హుస్సేనప్ప, షెడ్డు కాపలా.
ఆర్పిన బీడీ చెవి మీద దోపుకొని
వాకిలి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.
ఆయనకు ఇటలీ మాట రాదు,
కింద పరిగెత్తే ఇంగ్లీషూ రాదు.
నాకు రెండోది వచ్చు.
అయినా ముందు అర్థమైంది ఆయనకే.

తెర మీద యుద్ధం.
మీసానికి నూనె రాసుకునే షోకిలా దర్జీ
ఖైదీల కొట్టంలో ఎముకల గూడయ్యాడు.
సైనికాధికారి బల్లెక్కి
రొట్టెముక్క కోసం కోడిపుంజులా కూస్తున్నాడు.
మేమంతా నవ్వాం.
వెనక బెంచీలో ఎవరో కూత కూడా కలిపారు.
హుస్సేనప్ప నవ్వలేదు.

తర్వాత అదే దర్జీ,
నోరు మెదపకుండా,
ఏ పలక కింద మనిషి దాగున్నాడో
ఆ పలక వైపు ఒక్కసారి చూశాడు.
షెడ్డంతా నిశ్శబ్దం.
అప్పుడు నవ్వాడు హుస్సేనప్ప,
దగ్గు తెర వచ్చేదాకా.

రీలు మార్చడానికి బల్బు వేశాను.

"వీడు నాకు తెలుసు సారూ.
తాడిపత్రి అవతల మా ఊరు. రెండు పార్టీలు.
ఆ రాత్రి నన్ను కల్లంలో పడేసి మొరగమన్నారు.
వీనిది కోడి. నాది కుక్క.
బాగా మొరిగినా. పొట్ట పట్టుకోని నవ్వినారు.
నవ్వినోడు సంపడులే అనుకుంటి.
ఓబులేసు శెనక్కట్టె వామిలో ఉండాడని
నోటితో నేను సెప్పలేదప్పా.
ఊరికే అటు సూసినా.
కండ్లుండేది సూసేకే గదా?"

బీడీ ముట్టించబోయి, సినిమా ఉందని మానుకున్నాడు.

"ఏటేటా ఓబులేసు దినానికి పోతా.
వాళ్ళమ్మ మొదటి ఇస్తరి నాకే ఏస్తాది.
ఓళిగ మీద నెయ్యి పోస్తాది సూడు,
రెండోది సాలంటే ఊరుకోదు."

నెయ్యి రుచి గుర్తొచ్చినట్టుంది,
పెదాలు తడుపుకున్నాడు.
నేను బల్బు ఆర్పేశాను.
ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

సినిమా అయ్యాక చర్చ.
రిటైరైన లెక్చరర్ ఒకాయన లేచి
"అస్తిత్వ సంక్షోభం" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.
ఫ్యాను గాలి ఇద్దరూ అప్పటికే వెళ్ళిపోయారు.
దర్జీ బతికాడు. మళ్ళీ గుండీలు కుడుతున్నాడు.
దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

జనం పోయాక రిజిస్టరు తీశాను.
ముప్ఫైకి తగ్గితే వచ్చే ఏడు గ్రాంటు రాదు.
హాజరు: నలభై రెండు, అని రాశాను.
తల ఎత్తితే ఎదురుగా హుస్సేనప్ప,
ఇటలీని నాలుగు మడతలు పెట్టి
చంకలో ఇరికించుకొని
గోడ వైపు చూస్తున్నాడు.
అక్కడ ఏమీ లేదు,
పంచె కట్టిన రెండు మేకులు తప్ప.