బుగ్గలు ఉబ్బించకుండా

తిరుపతిలో గుండుకు కారణం ఎవురూ అడగరు.
బస్టాండులో ఒకామె నా కూతురి నెత్తి నిమిరి
"మొక్కు తీరిందా నాయనా" అనింది.
తీరిందనే చెప్పినా.
ఆరు విడతల మందు. కడుపులో గడ్డ కరిగింది.
జుట్టు పోయింది, మళ్లా వస్తుందన్నారు.
చెవుల సంగతి మాత్రం
"చూస్తా ఉండండి" అన్నారు.

చూసేదెట్లా, చెవిని?

మా యమ్మ వెనక నిలబడి పళ్లెం పడేసింది.
పాప తిరిగింది.
నేల అదిరింది కదా, అరికాళ్లు విన్నాయి.
పీలేరు బస్సులో పదకొండేళ్లుగా ఊదే విజిల్
ఇంట్లో ఊదినా. నవ్వింది.
సంబరపడి డిపో అంతా చెప్పుకున్నా.
మర్నాడు శబ్దం రానీకుండా
ఉత్త బుగ్గలు ఉబ్బించినా.
అంతే నవ్వు.

ఆ పొద్దు అన్నం దిగలేదు.

ఒకచోట చప్పట్లు కొట్టి "నార్మల్" అని రాసినారు.
ఇంకోచోట చెవిలో చిన్న బిరడా పెట్టి
జలుబుంది, తేలదన్నారు.
మూడోసారి, నిద్రలో చెయ్యాల,
రాత్రంతా మేలుకోబెట్టి తీసుకరమ్మన్నారు.
రాత్రంతా నేనూ, పాపా, గోడమీది బల్లీ.
దిగండి దిగండి అని ఊరంతటినీ లేపేవాణ్ని,
భాకరాపేట ఘాట్లో మూడో మలుపు కాడ
నా ఒళ్లో నిద్రపోతే లేపలేకపోయినా.
ఆసుపత్రిలో కళ్లింత చేసుకుని కూచునింది.
నుదుటిమీది తీగలు పీకి పారేసింది.
"వచ్చే నెల రండి."

వచ్చే నెల షాహిదా మేడం ఉన్నింది.
"తన పేరు తను ఏమని చెప్తుంది?"
"ఇందూజ అంటాది మేడం.
మేం పెట్టింది సింధూజ. పిల్లలు అట్లే కదా."
మేడం పెన్ను కింద పెట్టింది.
నోటికి అడ్డంగా కాగితం పట్టుకుని
మెల్లగా అనింది: సూది. సబ్బు. సీసా.
పాప అనింది: ఊది. అబ్బు. ఈఆ.

ఆనక నాలుగుసార్లు పోయినాం.
చప్పుడు లోపలికి రాని గది.
శబ్దం వినపడితే బకెట్లో చెక్కముక్క వెయ్యాల.
వెయ్యమ్మా అని కళ్లతో చెప్పేస్తామని
నన్నూ వనజనూ గోడవైపు తిరగమన్నారు.
గోడను చూస్తా నేను విన్నది
చెక్కముక్కల్నే.
టక్. టక్.
తర్వాత చానాసేపు ఏమీ లేదు.

గీత ఎడమ అంచున తిన్నగా పోయి
కుడివైపుకు పోయేకొద్దీ
మా ఘాట్ రోడ్డు మాదిరి దిగిపోయింది.
వారం తర్వాత మళ్లా చేసినా
అదే మలుపు, అదే దిగుడు.
నేను ఏడుస్తాననుకున్నారు.
ఏమో, ఐదు నెలలకు
రెండు కాగితాలు ఒకే మాట చెప్పినాయి.
మడిచి టికెట్ల సంచిలో పెట్టుకున్నా.

చెవులకు మైనంతో అచ్చులు తీసినారు,
మిషన్లు పదో తేదీకి వస్తాయంట.

తిరుగు బస్సులో డ్యూటీ నాగభూషణానిది.
విజిల్ ఊదినాడు.
పాప కిటికీలోంచి చూస్తానే ఉంది.
బస్సు కదిలినాక, సీటు అదురు తెలిసి,
నా వైపు తిరిగి
"నాయనా, విజిల్" అని
నా బుగ్గలు రెండూ
వేళ్లతో నొక్కింది.