ఎనిమిదో మెట్టు

సదానందం గుత్తకు అడిగింది ఇరవై ఆరు లక్షలు.
ఆ కాయితం మడిచి టికెట్ల సంచిల పెట్టుకున్న,
హసన్‌పర్తి దాటేదాకా లెక్కగట్టిన:
మనమే నిలవడి కట్టుకుంటే నాలుగు మిగులుతయి.
దినాం వందలమందికి చిల్లర ఇచ్చేదాన్ని,
ఒక్క ఇంటికి లెక్క జెయ్యలేనా!

మా ఆయినది భూపాలపల్లిల బొగ్గుబాయి.
ఆదివారం వస్తడు,
పిల్లర్లను దోస్తుల భుజం తట్టినట్టు తట్టి
మంచిగున్నయంటడు, పోతడు.
మిగిలిన ఆరు దినాలు నేనే
కూలీలకు సేటును, సిమెంటు దుకాణానికి బాకీదారును.

ఇసుక రాత్రిపూటనే వస్తది.
ట్రాక్టరాయన ఒంటిగంటకు ఫోన్ జేస్తడు,
లైట్లు బందువెట్టి కుమ్మరిస్తడు,
పైసలు లెక్కవెట్టకుంటనే జేబుల కుక్కుకుంటడు.
తెల్లారి చూస్తే సగం తడి, పావు గులకరాళ్లు.
ఆకేరు వాగు నాకేమన్న రశీదిచ్చిందా, అడగనీకి?

కంకరకు చెప్పేటప్పుడు ఒక రేటు, దించినంక ఒక రేటు.
బస్సుల ఎవ్వల్ని ఒక్క మాట అననిదాన్ని
కంకర కుప్పమీద నిలవడి
ఆ తండ్రీకొడుకుల్ని తిట్టిన.
రాత్రి పండుకుంటే
ఆ గొంతు నాది గాదనిపించింది.

స్లాబు నాడు వాన.
కప్పుదామంటే టార్పాలిన్ లేదు.
ఓదెలు మేస్త్రీ ఉరికిపోయి
మొన్నటి ఎలక్షన్ల ఫ్లెక్సీలు పట్టుకొచ్చిండు.
చేతులు జోడించిన మొకాలు వరుసగ
మా పచ్చి స్లాబు మీద బోర్ల పండుకున్నయి.
మాకు అక్కరకొచ్చుడంటే గదే.

నాలుగింటికి స్లాబుకు నీళ్లు, అయిదున్నరకు డిపో.
మడులు గట్టిన నీళ్లల్ల చుక్కలు కనబడేటియి.
ఒక్క నిమిషం తీరిక.
చూసిన.

చెల్లె వచ్చి అడిగింది
అక్కా, చేతులు బోసిగున్నయేందని.
కిటికీ ఊచలు చూపిచ్చిన.

మెట్లు పోసే వారం ఓదెలు రాలేదు.
పెండ్లాంకు కడుపునొప్పి, దవాఖానల ఉన్ననన్నడు.
మూడోనాడు నాకు మేడారం స్పెషల్ డ్యూటీ.
ములుగు దాటినంక, కిక్కిరిసిన బస్సుల, వెనుక సీట్ల
ఒళ్లె బంగారం మూటతోని ఓదెలు.
ఎంత బెల్లమో, ఆయన నిలువెత్తుకు సగం ఉంటది.
పక్కన కడుపునొప్పి కిలకిల నవ్వుతున్నది.
ఆమెకు జీరో టికెట్ కొట్టిన.
ఆయనకు ఫుల్ టికెట్.
చిల్లర సరిగ్గ ఇచ్చిన.
"సోమవారం మెట్లు, అమ్మా" అన్నడు తలవంచి.
తల్లుల మొకం చూసి ఊకున్న.

సోమవారం రాలేదు.
సెంట్రింగ్ కిరాయి దినానికి నాలుగు వందలు ఎక్కుతుంటే
నేనే టేపు పట్టిన,
గోడమీద బొగ్గుతోని గీతలు గీసిన,
అడ్డామీది పిల్లగాన్ని వెట్టి పోపిచ్చిన.
ఏడు మెట్లు బరాబర్ వచ్చినయి.
ఎనిమిదోది రెండంగుళాలు ఎత్తు.

ఇల్లు ఇరవై అయిదు లక్షల ఎనభై వేలకు నిలిచింది.
మిగిలిన ఇరవై వేలు
ఇంట్లకొచ్చిన నాటి యాటకు సరిపోయినయి.
లెక్కల పుస్తకంల ఆఖరి పేజీల
'గుత్తేదారు కూలి' అని రాసి ఆగిన.
పద్నాలుగు నెలలు, పడావుగ గడ్డకట్టిన పదకొండు బస్తాలు,
ఆ తిట్లు, ఆ చుక్కలు,
ఎంతని వెయ్యాలె?
నాకు నేనే జీరో టికెట్ కొట్టుకున్న.

ఇప్పుడు ఎవరొచ్చినా ఎనిమిదో మెట్టుకాడ తట్టుకుంటరు.
మొన్న ఇల్లు చూడొచ్చిన సదానందం గూడ తట్టుకున్నడు,
గోడ పట్టుకొని నవ్విండు: "ఎవలమ్మా కాంట్రాక్టరు?"
ఓదెలు చెక్కి సాపు జేస్తనంటడు, పైసలొద్దంటడు.
వద్దన్న.

కరెంటు వోయిన రాత్రి మేడెక్కుతుంటే
నా కాలు దానంతటదే
అక్కడ రెండంగుళాలు ఎక్కువ లేస్తది.