మఫ్లర్ రంగు

రాత్రి ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ.
వార్తలకు ముందు, పళ్ళు తోముకోమని అమ్మ అరవకముందు
మా టీవీలో కొంగ దిగేది.
తనవాళ్ళంతా దక్షిణానికి ఎగిరిపోయాక
పంచదార ఫ్యాక్టరీ పొగగొట్టం మీద
ఒక్కతే మిగిలిపోయిన కొంగ.
పేరు టాకో. మెడలో మఫ్లర్.
మంచులో ఒంటికాలి మీద నిలబడేది,
జపమూ కాదు, చేపల కోసమూ కాదు.
ఒక్క మాట మాట్లాడేది కాదు.
కొంగలకు గొంతు ఉండదనీ
ముక్కు టకటకలాడించడమే వాటి భాష అనీ
తర్వాతెప్పుడో బడిలో చెప్పారు.
మాకు ముందే తెలుసు.

మా తమ్ముడు ప్లామెన్‌కు పుట్టుకతోనే వినిపించదు.
అమ్మ ఎన్ని కథలు చెప్పినా
వాడికి ఆవిడ పెదాలే కథ.
ఆ పది నిమిషాలు మాత్రం
నాకు తెలిసిందే వాడికీ తెలిసేది,
ఒక్క ముక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు.
పైగా వాడు టీవీ చెక్కపెట్టెకు అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు.
టక. టక టక.
నేను వినేలోపే వాడు నవ్వేవాడు.

బ్లాక్ అండ్ వైట్ టీవీ మాది. మఫ్లర్ బూడిదరంగు.
నీలం, అన్నాను నేను, అమ్మ ఎనామిల్ గిన్నె చూపించి.
కాదన్నాడు వాడు, కిటికీలో మగ్గుతున్న క్విన్స్ పండు చూపించి.
గిన్నె. పండు. గిన్నె. పండు.
ఏడేళ్ళు నడిచింది ఆ వ్యాజ్యం.
నాన్న ఒకసారి విసిగి టీవీ కట్టేశాడు.
తీర్పు రాలేదు.

ఈ సెప్టెంబరులో టాకో మళ్ళీ వస్తోందని
రూసె ఊరంతా పోస్టర్లు,
ట్రాలీబస్సుల వెనక, పెరుగు డబ్బాల మూతల మీద.
నేను రేవులో క్రేను నడుపుతాను.
ముప్పై మీటర్ల ఎత్తున ఇనప గూడు నాది.
డాన్యూబ్ మీద పొగమంచు దిగితే కింద మనుషులు కనిపించరు.
అప్పుడు నేనెవరినో నాకు తెలుసు.
ఎవరికీ చెప్పలేదు.
యాభై ఏళ్ళ ఆడమనిషి చెప్పుకునే మాటా అది?

శనివారం ప్లామెన్ వచ్చాడు.
బేకరీ డ్యూటీ దిగి, కనుబొమ్మల మీద పిండితో.
బాల్కనీలో తియ్యమిరపకాయలు కాలుతున్నాయి.
గోడమీది టీవీ పెట్టాను.
పొగగొట్టం అదే. మంచు అదే, ఇంకాస్త తెల్లగా.
టాకో నోరు విప్పింది.
విప్పింది, ఇక మూయలేదు.
చలి మీద జోకు, తన కాళ్ళ మీదే జోకు,
ఫోనులో ఏదో పిచ్చుకతో గిల్లికజ్జా, మధ్యలో ఓ పాట.
మూగనోము పట్టిన మా కొంగను
వాగుడుకాయను చేసి వదిలారు.
కడుపు రగిలిపోయింది.
ఆ స్టూడియోకు మనసులోనే ఉత్తరం మొదలుపెట్టాను:
అయ్యా, ఊరికే నిలబడటం కూడా మీ కళ్ళకు ఖాళీగానే కనిపించిందా?
తమ్ముడి వాటా కోపం కూడా నేనే పడ్డాను,
వాడికున్న ఒక్క చుట్టాన్నీ
వినేవాళ్ళ వైపు లాగేసుకున్నారని.

వాడు లేచాడు.
వెళ్ళి టీవీ అంచుకు అరచెయ్యి ఆనించాడు.
వేలిమందం లేని అద్దం.
కాసేపుంచి, తీసి,
చేతిని ఒకసారి చూసుకుని, ప్యాంటుకు తుడుచుకున్నాడు.
నా గొంతులో ఏదో అడ్డం పడింది.

ఇటు తిరిగాడు.
ముఖం కందగడ్డ. చేతులు గాల్లో పోట్లాడుతున్నాయి.
ఎరుపట!
ఎవరిని అడిగి ఎరుపు?

అప్పుడు చూశాను.
నిజమే, టమాటా రంగు మఫ్లర్.
చెవులతో చూస్తూ కూర్చున్నాను ఇంతసేపూ.

వంటింట్లోంచి అమ్మ గిన్నె తెచ్చాను.
అంచులు పెచ్చులూడి నల్లబడ్డాయి గానీ
అడుగున నీలం ఇంకా నీలమే.
వాడు తల పైకెగరేశాడు, మా దగ్గర కాదనడం అలాగే.
క్విన్స్ పండే కాలం కాదింకా.
మిరపకాయల బుట్ట మొత్తం తిరగేసి
ఒక పసుప్పచ్చ కాయ పైకి తీశాడు.
గిన్నె. కాయ. గిన్నె. కాయ.

వెనక టీవీలో కొంగ
ఎవరికో ఏదో చెప్పుకుంటూనే ఉంది.
బాల్కనీలో మాడుతున్న వాసన
ముందు వాడికే తెలిసింది.