పసుపు రంగు

ఖైతాన్‌లో, మెట్ల కింద కొట్టులో, నేను పటాలు అచ్చేస్తాను.
చేతులు బార్లా చాచినంత మిషను.
నాలుక చాపినట్టు మెల్లగా కాగితం చాపుతుంది,
దాని మీద ఊరు తడితడిగా వస్తుంది.
ఆరేదాకా తాకకూడదు.

పసుపంటే కుటుంబాలు.
ఇటుకరంగంటే అద్దె మేడలు.
బూడిదరంగంటే గోదాములు, షెడ్లు,
మూలన సన్నక్షరాల్లో, బ్యాచిలర్లు.

నాకు పెళ్లయి పదమూడేళ్లు.
పెద్దదానికి మొన్ననే సైకిలు వచ్చింది,
దోక్కుపోయిన మోకాలు ఫొటో తీసి పంపింది.
పెంచలయ్యకు మనవడు పుట్టాడు.
మస్తాన్ పెళ్లాం షంషాద్ ఇదే ఊళ్లో, నాలుగు వీధుల అవతల,
ఒక అరబ్బీ ఇంట్లో పిల్లల్ని పెంచుతోంది.
శుక్రవారం రెండు గంటలు
ఇద్దరూ బస్టాపులో కూర్చుంటారు, ఏ బస్సూ ఎక్కరు.
అయినా బలదియా లెక్కలో మేమంతా బ్రహ్మచారులం.

ఉండేది మాత్రం పసుపులో.
ఒకప్పుడు ఎవరిదో నిండు సంసారం చేసిన విల్లా.
ఇప్పుడు హాలుకు చెక్క అడ్డాలు, అడ్డాలకు పరదాలు,
మెట్ల మలుపులో ఒక మంచం, దానికీ అద్దె.
పందొమ్మిది మందిమి. ఒక గీజరు.
గేటు ముందు మరీ ఇన్ని చెప్పులా అని
పక్కింటి పెద్దాయన ఫిర్యాదు రాశాడంట.
ఆయన్ను తప్పుపట్టను.
ఒక వాకిట్లో అన్ని చెప్పులు కనబడితే
ఎవరు పోయారోనని నేనూ ఆగి చూస్తాను.

పటం కొలత ఐదువందలకొకటి.
అందులో నా మంచం నాలుగు మిల్లీమీటర్లు.
పెన్సిల్ ముక్కు ఒకసారి ఆనిస్తే నిండిపోతుంది.

ఎండలు ముదిరే ముందు కొత్త పటం వచ్చింది,
పసుపు మీద ఏటవాలు గీతలతో.
ఇవేంటి సార్, అన్నాను.
డ్రాఫ్ట్స్‌మన్ కురువిళ చాయ్ పక్కన పెట్టి చెప్పాడు:
గీతలున్న చోట మేడ కట్టేవాడు
ఐదింట ఒక గది తక్కువ అద్దెకు ఇస్తే
పైన రెండంతస్తులు ఎక్కువ లేపుకోవచ్చు.
గాలిని కూడా కొలిచి బహుమానమియ్యొచ్చని
నాకప్పుడే తెలిసింది.
ఎవరైనా ఉండొచ్చా?
జీతం చీటీ చూపిస్తే చాలంట.

ఆ రాత్రి గదిలో చెప్పాను.
నాకు తూర్పు కిటికీ కావాలన్నాడు పెంచలయ్య, 
అప్పుడే తాళంచెవి చేతికొచ్చినట్టు.
మస్తాన్ ఏమీ అనలేదు.
పరదా వెనక ఫోను వెలుగులో
రెండు జీతాలు కూడుతున్నాడు.

తర్వాత సవరణలు.
రెండోదాంట్లో ఐదింట ఒకటి పదింట ఒకటైంది.
మూడోదాంట్లో ఆ గదులు వెనక్కి జరిగాయి,
ఏసీలు వేడిగాలి కక్కే సందులోకి.
నాలుగోదాంట్లో కొత్తగా ఒక వాక్యం:
ఇక్కడే ఇవ్వక్కర్లేదు, ఇంకెక్కడైనా ఇవ్వొచ్చు.
ఐదోదానికి అవి నా కాగితం మీద లేవు.
వేరే షీటు, అన్నాడు కురువిళ, నా మొహం చూడకుండా.
ఇసుక షీటు.
అక్కడికి బస్సుందా?
ఇంకా గీయలేదు.

రెండంతస్తులు మాత్రం
అన్ని సవరణల్లోనూ చెక్కుచెదరకుండా నిలబడ్డాయి.

గురువారం గేటుకు నోటీసు అంటించారు.
పది రోజులు. ఆపైన కరెంటు తీస్తారు.
ఆ అచ్చు నాది కాదు, మా కొట్టులో అంత చిన్న కాగితం ఉండదు.

పాడైన పటాలు నేను పారేయను, ఇంటికి తెస్తాను.
మందం కాగితం, నూనె పీల్చదు.
నేల మీద పరిస్తే అందరి పళ్లేలూ పడతాయి.
శుక్రవారం పెంచలయ్య పప్పు చేశాడు,
ఇంటినుంచి వచ్చిన ఎండు చింతచిగురేసి.
వడ్డిస్తుంటే గరిటె తొణికింది.
గోదాముల మీద, షెడ్ల మీద, 
మూలన సన్నక్షరాల మీద పప్పు పాకింది.
గుడ్డ తీసుకుని వంగాను.

ఉండనీలే అన్నాడు మస్తాన్,
బస్టాపుకు టైమవుతోందని నిలబడే తింటూ,
పసుపే గదా.