పొలిమేర టమాటా

కొట్టులో నాలుగు వేల పార్సిళ్లు.
పేర్లన్నీ గీతకి అవతలివి.
పోస్టేజీ చవకని ఇక్కడికి తెప్పించుకుని
ఆదివారం పెట్రోలుకీ పాలకీ వచ్చినప్పుడు
పట్టుకుపోయేవాళ్లు.
మార్చిలో ఒక రాత్రి చెక్‌పోస్టు దగ్గర
ట్రాఫిక్ కోన్లు నిలబెట్టారు.
అంతే.

పాయింట్ రాబర్ట్స్ అంటే
అమెరికా చొక్కాకి ఊడి
కెనడా ఒళ్లో పడ్డ గుండీ.
మూడు పక్కలా సముద్రం, నాలుగో పక్క పొరుగుదేశం.
స్కేలు పెట్టి పటం గీసినవాడు
ఈ ముక్క తెగి మిగిలిపోతుందని చూసుకోలేదు.
నలభై తొమ్మిదో అక్షాంశం
వెల్డా పెరటి వెనక మురిక్కాలువలా ఉంటుంది.
దూకితే దాటొచ్చు.
దూకితే జరిమానా.

పక్షులకి పాస్‌పోర్టు లేదన్న మాట
నేను చెప్పను, చాలామంది చెప్పేశారు.
నీళ్లపైపు సంగతి చెప్తాను.
మా పంపుల్లో నీళ్లు అక్కణ్ణించి వస్తాయి,
మా బల్బుల్లో వెలుగూ అక్కణ్ణించే.
"నీళ్లు వాళ్లవి, కరెంటు వాళ్లది,
పొగరు కూడా వాళ్లదే"
అన్నాడు కిరాణా కొట్టు ముందు ఒకాయన.

వెల్డా డయాలసిస్‌కి వాళ్ల రోడ్డు మీదుగానే పోవాలి.
అనుమతి కాగితం అద్దానికి అంటించుకునే పోయింది.
తిరిగొచ్చాక వైపర్ కింద చీటీ:
మీ రోగం మీ ఇంట్లోనే ఉంచుకోండి.
దస్తూరీ ముత్యాల్లా ఉంది.
బడిపిల్లలకి చదువు చెప్పిన చెయ్యేమో.

మా నాయనమ్మ చెప్పేది,
మశూచి వస్తే వాళ్ల ఊళ్లో
పోలేరమ్మని బండెక్కించి, డప్పులు కొట్టి
పొలిమేర దాటించి వదిలేసేవారట.
అవతలి ఊరివాళ్లు కర్రలు పట్టుకుని కాపు కాసేవారట.
తెల్లారితే రెండు ఊళ్లూ
"తల్లి మనల్నే చల్లగా చూసింది" అనుకునేవట.
బండి మధ్యలో ఎక్కడ ఆగిందో
ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్లో మైరన్ హలుష్కా ఫోన్ చేశాడు.
పడవ ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి.
పార్సిల్ నంబరు చెప్పి అన్నాడు,
"అందులో టమాటా విత్తనాలు, వకుళా.
సరిహద్దు ఆగుతుంది కానీ వేసవి ఆగదు.
నువ్వే నాటుకో."

వేరేవాళ్ల పార్సిల్ విప్పడం
పదకొండేళ్ల ఉద్యోగంలో అదే మొదటిసారి.
కత్తెర రెండుసార్లు కింద పెట్టాను.

ఆగస్టు. వెల్డా పెరట్లో కాలువకి ఇవతల నేను,
అవతల మడతకుర్చీలో మైరన్.
అతని వెనక కిటికీలోంచి ఎవరో ఫోనెత్తి
మా ఇద్దర్నీ ఫొటో తీస్తున్నారు.
"విత్తనం ఒహాయోది, నీళ్లు మీవి,
ఎండ ఎవరిదో తేలలేదు" అన్నాను.
అతను నవ్వలేదు. కిటికీ వైపు చూశాడు.

విసిరాను.
సరిగ్గా గీత మీద గాల్లో
ఒక్క క్షణం అది ఏ దేశానిదీ కాదు.
తర్వాత అతని గడ్డిలో పడి
ఒక పక్క చితికింది.

గ్లవుజు తొడుక్కుని తీసి
కారు బానెట్ మీద పెట్టాడు, ఎండకి.
"మూడు రోజులుంచి తింటాను, ఏమనుకోకు."

ఏమీ అనుకోలేదు.
ఇంటికొచ్చి పంపు తిప్పి
చేతులు కడుక్కున్నాను,
ఇరవై సెకన్లు,
వాళ్ల నీళ్లతో.