ఐస్‌క్రీం డబ్బా

షేలీన్ విమానం దిగేసరికి
విన్నిపెగ్‌లో మైనస్ ముప్పై నాలుగు.
ఒక చేతిలో గుడ్డసంచి,
ఇంకో చెయ్యి కడుపు కింద.
పందొమ్మిదేళ్ళ పిల్ల.
వాళ్ళ సరస్సు ఒడ్డున పురుడు పోసేవాళ్ళు లేరిప్పుడు.
అందుకని నెలలు నిండకముందే
మబ్బుల మీదుగా తెచ్చి ఇక్కడ దింపేస్తారు,
ఎవరూ తెలియని ఊళ్ళో
నొప్పుల కోసం ఎదురుచూడమని.

"డౌలావి నువ్వేనా?" అంది.
"డెల్ఫీన్ అను చాలు. ఆకలేస్తోందా?" అన్నాను.
ఇరవై మూడేళ్ళుగా
నా మొదటి ప్రశ్న అదే.

మా చిన్నాడు అడిగాడొకసారి,
నువ్వు చేసే పనేమిటని.
సూది వెయ్యను, కత్తి పట్టను,
ఏ కాగితం మీదా నా సంతకం ఉండదు.
"మరి?"
"పక్కన ఉంటానురా."
"దానికి డబ్బులిస్తారా?"
"ఒక్కోసారి."

మూడు వారాలు
హోటల్ గదిలో పేకాడుకున్నాం.
తొండి చేసి గెలిచేది.
కిటికీలోంచి కార్ల మధ్య మంచు చూసి
"మీ మంచుకి మురికెక్కువ" అనేది.

ఒక రాత్రి రెండింటికి ఫోను.
"మొదలయ్యాయి."

ఆసుపత్రిలో డాక్టరు వచ్చాడు.
గబగబా అడుగుతున్నాడు,
ఇది చెయ్యమంటావా, అది పెట్టమంటావా.
అన్నిటికీ "ఊఁ" అంటోంది.
ఆ "ఊఁ" నాకు తెలుసు.
కాగితాలు పట్టుకొచ్చిన వాళ్ళందరికీ
మా అమ్మ, వాళ్ళమ్మ చెప్పిన జవాబది.
"ఒక్క నిమిషం డాక్టర్," అన్నాను,
"ఆమె ఇంకా ఒప్పుకోలేదు. వింటోందంతే."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
మళ్ళీ మొదటినుంచి చెప్పాడు, నిదానంగా.
నర్సు ఒక్సానా పెద్ద దీపం ఆర్పేసింది.

దిండు పక్కన ఫోను.
అందులో వాళ్ళ కోకుమ్, అమ్మమ్మ,
క్రీ భాషలో మాట్లాడుతోంది.
నాకు ఆ భాష సగమే వచ్చు.
మిగతా సగం మా అమ్మ చిన్నప్పుడే
బడివాళ్ళు ఆమె నోట్లోనే నొక్కేశారు.
ఆ సగంతో పట్టుకున్నానూ, పెద్దావిడ
ధైర్యం చెప్పడం లేదు,
దేవుణ్ణి తలవడం లేదు.
పొద్దున మంచు పగలగొట్టి వల తీసిందట.
పడ్డ చేపల లెక్క చెబుతోంది.
ఇది ఇంత పొడుగు, దీనికి ఒక కన్ను లేదు,
దీన్ని కుక్క ఎత్తుకుపోయింది...
చేపకొక ఊపిరి తీస్తోంది షేలీన్.

ఏడో చేప దగ్గర లైను తెగింది.

పిల్ల కళ్ళలో
నీళ్ళు మూసుకుపోయిన బెజ్జంలా ఏదో అయింది.
నా వేళ్ళు పట్టుకుని పిండేస్తోంది.
నేను వల ముట్టి ఎరగను.
అయినా నోరు తెరిచాను.
"ఎనిమిదో చేప," అన్నాను,
"మహా పొగరుబోతుది..."
తొమ్మిది. పదిహేను. ఇరవై ఆరు.
నడుము పట్టి నొక్కుతూ, మొహం తుడుస్తూ,
లేని చేపలన్నీ లాగి పడేస్తున్నాను.
ఒక్సానా కూడా రెండు వేసింది,
ఏ నదిలోవో మరి.

నలభై ఒకటో చేప
కెవ్వుమని ఏడ్చింది.
ఆడపిల్ల.

లైను కలిసింది తెల్లారాక.
"ఎన్ని?" అంది కోకుమ్.
"ఒకటే," అంది షేలీన్, "పెద్దది."

పాలు పడిన రోజు
కారణం లేకుండా ఏడ్చింది.
కారణం అడగకుండా తల స్నానం చేయించాను,
చారు కాచాను, బిడ్డని ఎత్తుకున్నాను,
తల్లి నాలుగు గంటలు నిద్రపోయింది.
నా కొలువంతా ఏకవాక్యంలో చెప్పమంటే
ఆ నాలుగు గంటలు చూపిస్తాను.

మాయని నాలుగు లీటర్ల
వెనిల్లా ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి
మా ఫ్రీజర్లో బఠాణీల పక్కన దాచాను.
చిన్నాడు ఆశగా మూత తీశాడు,
నెమ్మదిగా మళ్ళీ పెట్టేశాడు.
అప్పట్నుంచీ నా పనేమిటని అడగలేదు.

తిరుగు ప్రయాణం నాడు
సామాను తూచేవాడు డబ్బా మూత మీద చెయ్యేశాడు.
నేను నోరు తెరవబోయి ఆగాను.
షేలీన్ అతని కళ్ళలోకి చూసింది.
"వద్దు," అంది.
ఒక ఒళ్ళో రెండు మూటలతో విమానమెక్కింది.

వారానికి ఫొటో పంపింది.
నేల రాయిలా గడ్డకట్టి ఉందట,
బిడ్డ తండ్రి రెండు రోజులు మంట వేసి
మట్టిని మెత్తబరిచాడట.
పొగ, ఒక గొయ్యి,
గొయ్యి అంచున కోకుమ్ బూట్లు.

గురువారం విమానానికి ఇంకొకామె వస్తోంది.
కొత్త డబ్బా కొన్నాను.
ఖాళీ చేసే పని మావాడిది.