లీనా దొరికిన చోట్లు

శుక్రవారంలోగా తీసేయాలన్నాడు గ్వాల్తెర్,
వానకు తడిసిన టోపీ నా కీబోర్డు పక్కనే పెట్టి.
వకీలు ఉత్తరం మడతల్లో చేపల వాసన.
"పెన్సావ్ ద లీనా" ఇకమీదట "పెన్సావ్ దు మార్".
లీనా బస కాదు, సముద్రపు బస.
పదమూడేళ్లవి, ఆరువందల పన్నెండు పేజీలు.

ఫయాల్ దీవిలో సగం దుకాణాలకి
నేనే వెబ్‌సైట్ల దర్జీని.
చిరిగింది కుడతాను,
ఎలా చిరిగిందో అడగను.

నల్ల తెర తెరిచి ముందు గ్రెప్‌తో లెక్కపెట్టాను:
రెండువేల నలభై మూడు.
ఒక్క మనిషి ఇన్నిచోట్లా అనుకున్నానే గానీ
ఆగి చూడలేదు.
సెడ్. గీత, పాత పేరు, గీత, కొత్త పేరు, గీత.
చివర జి, అంటే ప్రతి చోటా.
పక్కన ఐ, అంటే చిన్నక్షరమా పెద్దక్షరమా చూడకు.
నకలు తీయలేదు.
ఎంటర్.
తెర ఏమీ అనలేదు. పని జరిగితే అది మాట్లాడదు.

రాత్రి పదకొండుకి ఫోను:
"జుల్మీరా, మా కొండకేమైంది?"

కొలీనా అంటే కొండ. కొమార్ అయి కూర్చుంది.
నెబ్లీనా అంటే పొగమంచు. నెబ్‌మార్.
గజొలీనా కూడా, పడవల అద్దె పేజీలో,
లీటరు ధర పక్కన.
కొండలో లీనమై, మంచులో లీనమై
ఆమె ఉందని ఎవరికి తెలుసు,
పుట్టినప్పట్నుంచీ ఆ మాటలు పలుకుతున్నా?

వెనక్కి తిప్పుదామంటే,
మార్‌నంతా లీనా చేస్తే,
అలల పేజీలో రేపు ఉదయం
లీనా రెండు మీటర్లు లేస్తుంది.
లీనాలో ఈదడం ప్రమాదమని
ఎర్రక్షరాల హెచ్చరిక ఉంటుంది.
అదే చెప్పాను అతనికి.
ఫోనులో గాలి చప్పుడు.

తెల్లవార్లూ చేత్తోనే,
కొండని కొండగా, మంచుని మంచుగా,
పెట్రోలుని పెట్రోలుగా.
బోర్డు మీద "ద" ఒకటి మిగిలిపోయింది,
ఆడపేర్ల ముందు పెట్టేది.
మా భాషలో సముద్రం మగవాడు.
"దు" అని దిద్దాను.

ఒక్కటి కుదరలేదు.
వంటగది పేజీలో ఖాళీ పెట్టె.
పేజీ "మార్" అని పిలుస్తోంది,
ఫోటో పేరు ఇంకా లీనాయే.
ఆదేశం ఫైళ్ల లోపల తిరిగిందంతే,
ఫైళ్ల పేర్ల జోలికి పోలేదు.
ఫోల్డరులో అలాగే ఉంది,
మోచేతుల దాకా పిండి,
ఫోటో తీస్తున్నవాణ్ణి కసురుతూ, సగం నవ్వుతూ.

పొద్దున టోపీ కోసం వచ్చాడు.
చెరిపేయనా, పేరు మార్చనా అంటే
తడి ఆరని టోపీని చేతుల్లో తిప్పి తిప్పి
"పెట్టె అలా ఉండనీ. సోమవారం చూద్దాం" అన్నాడు.

ఏ సోమవారమో నేను అడగలేదు.